తక్కువ చూపిన ఒత్తిడి

తుడియలూరు దగ్గర ఒక ఆస్పత్రిలో నేను గుండె స్కానింగ్ చేస్తాను. చేరిన రోజు నుంచీ అక్కడ నేను తమిళుణ్ణే. కోయంబత్తూరులో తెలుగు మాట్లాడితే, మీరు ఏ తెలుగువాళ్లు అని అడుగుతారు. తోటలూ మిల్లులూ ఉన్నవాళ్ల తెలుగు ఒకటి, వీధులు ఊడ్చే మా కాలనీ తెలుగు ఇంకొకటి. నోరు తెరిస్తే తెలిసిపోతుంది. అందుకే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎక్కడ తెలుగు వినబడినా పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఒకరోజు మేనత్త వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. వీధులు ఊడ్చి వచ్చి, నా తల దువ్వి బడికి పంపేది. నాలుగడుగులు వేస్తే ఆయాసమని డాక్టరుకు చూపించుకుంటే, స్కానింగ్‌కు నా గదికే పంపారు. గదిలో ఇద్దరు నర్సులున్నారు. బల్ల మీద పడుకోగానే అత్త నవ్వింది.

"ఏం సామీ, తింటివా? నాకి మూచ్చే ఆడదురా. నువ్వు ఉండావని ఈడికే వస్తిని."

ఊపిరిని మూచ్చు అనేది మా కాలనీ తెలుగే. నర్సులు నావైపు చూశారు. ఎడమపక్కకు తిరిగి పడుకోండమ్మా అని తమిళంలో అన్నాను, దారినపోయే మనిషితో అన్నట్టు. అత్త నా మొహం చూసింది. అర్థం చేసుకుంది.

"సరింగ సార్" అని తమిళంలోనే సరేనంటూ తిరిగి పడుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

మా పనిలో కత్తి లేదు, గొట్టం లేదు. గుండె కుడివైపు కవాటంలోంచి వెనక్కి కారే నెత్తురు వేగం చూసి, ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడిని అంచనా కడతాం. ఛాతీ మీద ఆనించే ప్రోబ్ ఆ ధారకు సూటిగా ఉండాలి. పక్కకు పోతే వేగం తక్కువ చూపుతుంది, ఒత్తిడీ తక్కువే తేలుతుంది. అందుకే నాలుగైదు చోట్ల పెట్టి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. నేను ఒక్కచోటే పెట్టాను. ఆవిడ మళ్లీ తెలుగులో ఏమంటుందోనని భయం. ఒత్తిడి మామూలే అని రాసి పంపేశాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో చేసి చూపించాను.

నెల తిరక్కుండా అత్త మెట్ల మీద పడిపోయింది. ఈసారి డాక్టరే ప్రోబ్ పట్టుకున్నాడు. ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది, మందులు అప్పుడే మొదలుపెట్టాల్సింది అన్నాడు. పాత రిపోర్టు మీద నా సంతకం చూపించి, ఇదెలా జరిగిందని అడిగాడు.

నేను నోరు విప్పేలోగా అత్త రొప్పుతూ తమిళంలో చెప్పింది.

"ఆ సార్ తప్పేం లేదు. నేనే కదలకుండా పడుకోలేదు."

ఆ మాట విని నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, ఊరట. అవునన్నట్టు తల కూడా ఊపాను.