హసీనా గీసిన ఉప్పునీటి పటం

నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కగానే డీజిలు వాసన, దాని వెనకే ఏటి బురద వాసన ముక్కుకు తగిలాయి. సుభద్ర మేడమ్ గారు గుర్తొచ్చారు. తొంభైలలో మాకు డిగ్రీలో భూగోళశాస్త్రం చెప్పిన లెక్చరర్ ఆవిడ. గోదావరి గురించి గదిలో కూర్చుని చెప్పడం ఆవిడకు చేతకాదు. శనివారం వస్తే నన్నూ, నా స్నేహితురాలు హసీనానూ ఇదే రేవు దాటించి, ఊరూరా బావి నీళ్ళు రుచి చూపించేవారు. సముద్రపు ఉప్పు ఎంత లోపలికి వచ్చిందో తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల.

అడిగితే కాదన్న ఇల్లు లేదు. ఒక జాలరి ఇంట్లో ముసలమ్మ చెంబు అందిస్తూ, "మేం తాగలేక ఊరవతల నుంచి మోసుకొస్తన్నాం, మీరు అడిగి మరీ తాగుతారేంటమ్మా" అని నవ్వింది. నేను మొహం చిట్లించాను. హసీనా రెండు గుక్కలు తాగి, పోయినసారి కంటే ఉప్పు పెరిగిందని చెప్పేసింది. పరీక్ష చేసి చూస్తే నిజమే. రెండేళ్ళు తిరిగి, ఏ ఊరిదాకా ఉప్పు వచ్చిందో పటం గీసింది తనే. నా వంతు సంచి మొయ్యడం.

ఆ పటం చూసి ఒక విదేశీ విశ్వవిద్యాలయం మా ముగ్గురినీ రెండు నెలల చదువుకు పిలిచింది. తీరా అక్కడి ప్రభుత్వం హసీనాకు మాత్రం వీసా ఇవ్వలేదు. కారణం రాయలేదు. ఆమె మతం వాళ్ళను ఆ దేశం రానివ్వడం లేదని అందరికీ తెలుసు.

"ఇంకో పేరు రాసి పంపేయండి మేడమ్, మన కాలేజీకి మళ్ళీ ఇలాంటి అవకాశం రాదండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"పటం గీసినమ్మాయిని గుమ్మంలో ఆపేసి, లోపల దాని గురించి ఏం మాట్లాడతామండి? నేను వెళ్ళను" అన్నారు మేడమ్. ఆ మాటే విశ్వవిద్యాలయానికి కాలేజీ తరఫున ఉత్తరం రాస్తే, పంపడానికి వీల్లేదన్నారాయన. ఆవిడ సొంత పేరుతో పోస్టు చేశారు. ఆ ఏడాదే ఆవిడను జంగారెడ్డిగూడెం బదిలీ చేశారు.

నాకేమో వెళ్ళాలని చచ్చేంత కోరిక. అడగలేక గుంజాటన పడుతుంటే ఆవిడే అన్నారు: "నువ్వు వెళ్ళమ్మా. నీ బదులు నేను నిర్ణయిస్తే వాళ్ళకీ నాకూ తేడా ఏంటి? అక్కడ హసీనా పేరు మాత్రం చెప్పు."

వెళ్ళాను. నిండు సభలో పటం చూపించాను. ఎవరు గీశారని అడిగితే "మా కాలేజీ" అన్నాను. నన్నూ పంపించేస్తారేమోనని భయం. తిరిగొచ్చి చెబితే మేడమ్, "ఆ సంగతి హసీనాకి నువ్వే చెప్పుకో" అన్నారు. చెప్పాను. "పర్వాలేదు లేవే" అని హసీనా లేచి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరిలో ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ఇప్పుడు నేనూ పాఠాలే చెబుతున్నాను. నిరుడు నా విద్యార్థులు నలుగురు అలాంటి విదేశీ చదువుకే బయలుదేరబోతుంటే ఒకడికి అలాగే వీసా ఇవ్వలేదు. మేమెవ్వరం రావడం లేదని కోపంగా రాసి పడేశాను. మిగతా ముగ్గురినీ అడగనైనా లేదు. వాళ్ళలో ఒకమ్మాయి ఇంకా నాతో మాట్లాడడం లేదు. మేడమ్ గారికి తను ఆగిపోయి కూడా నన్ను వెళ్ళనిచ్చే మనసు ఎలా వచ్చిందో అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది. అడగడానికి ఆవిడ ఇక లేరు.