శేషగిరి సారు లాటరీ

అయిదుగురికి మించి మనుషులు ఒకచోట కనిపిస్తే వాళ్ళను జట్లుగా విడగొట్టకుండా శేషగిరి సారు ఉండలేరు.

ఒకసారి జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడ్డ జనాన్ని మూటలున్న జట్టు, పిల్లలున్న జట్టు, ఊరికే నిలబడ్డ జట్టు అని మూడుగా చేశారు. ముందు ఏ జట్టు ఎక్కాలన్న చర్చ తేలేలోగా బస్సు వెళ్ళిపోయింది. "చూసినారా, ఒక్కరన్నా నోరు మూసుకోని ఉండారా?" అని సారు మురిసిపోయారు.

"ఇంట్లో ఉండేది ఇద్దరమే బాషా, అందుకే బతికిపోయినా" అనేవారు ఆయన భార్య వేదవతమ్మ.

కమాల్ బాషా మాత్రం బతికిపోలేదు. సారు సివిక్స్ చెప్పే కాలేజీలో అతను అటెండరు. పి.యు.సి. క్లాసులో నలభై మంది. సారు వస్తూనే రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని, అయిదేసి పేర్ల చీటీలు తీసేవారు. లాటరీలో ఎవరికి ఎవరు పడితే వాళ్ళే జట్టు. బెంచీలన్నీ ఎదురెదురుగా తిరిగేవి. ఆ తర్వాత సంతను మించిన గోల.

"నేను చెప్తే నేనొక్కడే వింటా బాషా. వాళ్ళు చెప్పుకుంటే అందరూ వింటారు."

"బాగుంది సార్. బెంచీలు మళ్ళా వరసకు ఈడ్చే జట్టులో నేనొక్కడినే ఉండానే!"

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, వేసవి ముందు బాషా ఓపిక అయిపోయింది. పోయి ప్రిన్సిపాల్ పార్థసారథి గారితో మొరపెట్టుకున్నాడు. ఆయనకూ ఆ గోల మీద మంటగానే ఉంది.

"రేపు నేనే వచ్చి కూచుంటా. పిల్లోళ్ళకు ఏమీ రాలేదో, ఈ గుంపుల యవ్వారం రేపటితో సరి" అన్నారు.

మరునాడు బాషా హుషారుగా బల్ల తుడిచాడు. డబ్బా మూత తీస్తే చీటీలు కొన్ని చుట్టి, కొన్ని మడిచి ఉన్నాయి. పెద్దసారు వచ్చే రోజు ఈ అవతారమేమిటని అన్నిటినీ విప్పి ఒకే తీరుగా మడిచిపెట్టాడు.

క్లాసు మొదలైంది. డబ్బాలో పెట్టిన శేషగిరి సారు చెయ్యి అక్కడే ఆగిపోయింది. తడిమారు, మళ్ళీ తడిమారు. చివరికి చేతికందినవి తీసి జట్లు కట్టారు. మూడు జట్లు మాట్లాడుకున్నాయి. అయిదు జట్లు గోడలు చూస్తూ కూర్చున్నాయి. వెనక ప్రిన్సిపాల్ కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు.

సారు వరండాలోకి వచ్చారు. ముఖంలో నెత్తురు లేదు.

"చుట్టిన చీటీలు యాడబోయినాయి బాషా?"

"నీటుగా ఉంటుందని అన్నీ మడిచి పెట్టినా సార్."

"కొంప ముంచితివి కదప్పా! చుట్టినవి సివిక్స్ టెక్స్టు బుక్కు ఉండేవాళ్ళ పేర్లు. నలభై మందికి ఉండేవి ఎనిమిది బుక్కులు. జట్టుకొకటి పడాలని ఏడాదిగా తడిమి తీస్తాండా."

బాషా నోరు తెరిచాడు. "బుక్కు లేనోళ్ళు లేసి నిలబడండి అని, సర్ది కూచోబెడితే సరిపోయేదానికి లాటరీ ఏంది సార్?"

"అందరి ముందర ఒక్కసారి లేపితే, బుక్కు కొనలేని ఆ లింగాల పిల్లోడు నూరుల్లా మళ్ళా కాలేజీ మొగం చూస్తాడా?"

బాషా భుజం మీది గుడ్డ సర్దుకొని నేరుగా క్లాసులోకి నడిచాడు.

"బెంచీ కాలు ఊగుతాండాది. నువ్వు లెయ్యి నాయనా, బుక్కుతోనే ఆ చివరికి పో. అబ్బోడా, నువ్వూ బుక్కు తీసుకోని ఈడికి రా."

"ఏంది బాషా ఇది?" అన్నారు ప్రిన్సిపాల్.

"కాళ్ళు సార్, ఊగుతాండాయి."

"అన్నీ ఈ పొద్దే ఊగినాయా?"

"శానా పాతవి కదా సార్!"

అయిదుగురిని లేపి అయిదు జట్లలో వేశాడు. కాసేపటికి గోల మొదలైంది. పంచాయతీకి పన్ను వేసే హక్కు ఎందుకుండాలని ప్రిన్సిపాల్ అడిగితే, వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టి నూరుల్లా తెలుగులో ముగించాడు. మధ్యలో పక్కవాడితో పోట్లాడాడు కూడా.

గంట కొట్టారు. ప్రిన్సిపాల్ రాసుకున్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వేశారు. వరండాలో బాషా దగ్గర ఆగారు.

"నువ్వు లేపిన అయిదుగురి చేతుల్లోనూ బుక్కులుండాయి బాషా."

బాషా భుజం మీది గుడ్డ తీసి తలుపు తుడవడం మొదలుపెట్టాడు.

"ఊగే బెంచీల కోసం వడ్రంగిని పిలిపిస్తావేమో, వద్దులే" అన్నారు పార్థసారథి గారు. "అవి అట్లే ఊగనీ."