అది ఇడ్సిపెట్టు నాయనా

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నా కూతురికి పట్టిందని చెప్పిన దయ్యం మీద అసలే లేదు. ఆ మాట అన్న ప్రతి నోరూ నాకు గుర్తుంది. పెళ్లిళ్లలో, చర్చిలో ఎదురుపడితే వందనాలు చెబుతాను, అంతే. లోపల మాత్రం రోత.

ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది విని "చూశావా, నువ్వు కూడా నమ్ముతావు" అనేవాళ్లు ఉంటారు. నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను. దాని అర్థమేమిటని మాత్రం నన్ను అడగొద్దు.

మాది బెళుగుప్ప వైపు ఒక పల్లె. మా ఆయన షేర్ ఆటో నడుపుతాడు. కొంచెం చేను ఉంది, వాన పడిన ఏడాది వేరుశనగ వేస్తాం. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. అత్తగారి కాలం నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. మాకు ఒక్కతే కూతురు, ప్రసన్న. ఇంటర్ చదువుతోంది.

హైస్కూల్లో ఉండగా ప్రసన్నకు ఫిట్స్ మొదలయ్యాయి. అనంతపురంలో డాక్టరమ్మకు చూపించాం. ఆమె పిల్ల తలకు పరీక్షలు చేయించి, మాత్రలు రాసి, ఒకటే మాట చెప్పింది. బాగైపోయిందని మీ అంతట మీరు మాత్ర ఆపేస్తే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది అని. ఆ మాట నా చెవుల్లో నుంచి పోలేదు.

మాత్రలు పని చేశాయి. పిల్లకు కొంచెం మత్తుగా ఉండేది, జుట్టు ఊడేది, అంతే. ఫిట్స్ నిలిచిపోయాయి. చక్కగా కాలేజీకి పోయి వచ్చేది.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. పేరు రూతమ్మ. భర్త చిన్న వయసులోనే పోతే, కరువు రోజుల్లో రోడ్డు పనికి పోయి, రాళ్లు మోసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. అక్షరం ముక్క రాదు. దేవుణ్ణి నమ్మింది అంటే నమ్మిందంతే. ఆ నమ్మకాన్ని ఎవరికీ చూపించుకోలేదు, ఎవరి ముందూ ఊగిపోలేదు. "దేవుడు కూడు పెడతాడు, నమిలేది మనమే నమలల్ల" అనేది.

ప్రసన్న మాత్ర వేసుకునేటప్పుడు దాన్ని ముందు తన అరచేతిలో పెట్టుకునేది. "ప్రభువా, ఈ మాత్ర చేసినోన్ని సల్లగా సూడు, మింగే బిడ్డను బతికించు, ఆమేను" అనేది. తర్వాత "మింగు పాపా" అని ఇచ్చేది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ప్రార్థనలో అందరూ ఆమెన్ అన్నాక, కొంచెం ఆగి, తను అనేది. చెవుడేమో అనుకునేవాళ్లు. చెవుడేం కాదు. ప్రార్థన చేయించే పాస్టరయ్య ఏం అడుగుతున్నాడో మొత్తం విని, తనకు సమ్మతమైతేనే ఆమెన్. కాకపోతే మొహమాటం లేకుండా చెప్పేసేది.

ఒక ఏడాది వానలు లేక పైరు నిలువునా ఎండిపోతుంటే, మా పాస్టరయ్య మా ఇంట్లో ప్రార్థన పెట్టాడు. "ప్రభువా, ఈ ఊరి పాపాలను బట్టి నీవు ఆకాశాన్ని మూసివేశావు" అని మొదలుపెట్టి పాపాల చిట్టా చదవబోయాడు. మూలన కూర్చున్న మా అత్త, "అది ఇడ్సిపెట్టు నాయనా. వాన అడుగు" అంది. అందరికీ నవ్వు ఆగలేదు. పాస్టరయ్య కూడా నవ్వుకుని వాన అడిగాడు. వాన రాలేదు, అది వేరే సంగతి. "రాకుంటే రాలేదు, అడిగేది అడగల్ల కదా" అంది అత్త.

పోయిన ఎండాకాలంలో ఆమె పోయింది. మధ్యాహ్నం అన్నం తిని, ఎప్పుడూ కూర్చునే మూలలోనే గోడకు ఆనుకుని, అలాగే పోయింది. వంటింటి గుమ్మం పక్కన ఆ గోడ మీద ఆమె తల ఆనిన చోట నూనె మరక ఉంది. సున్నం వేసినా మళ్లీ కనబడుతుంది.

తర్వాత కొన్నాళ్లకు ప్రసన్నకు జ్వరం వచ్చింది. పరీక్ష ఉందని జ్వరంతోనే కాలేజీకి పోయింది. అక్కడ క్లాసులో అందరి ముందు ఫిట్స్ వచ్చింది. జ్వరం వల్లే వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. కానీ డాక్టరమ్మ మాట ఎవరికి కావాలి? ఊళ్లోకి కథ ముందే వచ్చేసింది. పిల్ల గొంతు మారిందట. కళ్లు ఎర్రగా అయ్యాయట. కాలేజీ పక్క చింతచెట్టు కింద నుంచి నడిచిందట. చూడనివాళ్లే ఎక్కువ చెప్పారు. నా దగ్గరికి జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా గుమ్మంలోనే నిలబడి పిల్ల కోసం ఇంట్లోకి తొంగి చూసేవాళ్లు. జంతువును చూసినట్టు చూసేవాళ్లు. ఛీ, మనుషులేనా వీళ్లు అనిపించేది.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, బయటి ఊరి నుంచి ఒక దైవజనుణ్ణి మాట్లాడింది. ఆయన చెయ్యి పెడితే దయ్యాలు వదులుతాయని, ఫోన్లో వీడియోలన్నీ చూపించింది. ఆ వీడియోల్లో ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని కింద పడి దొర్లుతుంటారు. పక్కనుంచి పాట వస్తుంటుంది. సగంలోనే ఫోను తిరిగి ఇచ్చేశాను.

"ఏమయ్యా, డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్సిపోయినావా?" అని మా ఆయనను అడిగాను.

"నీకు నమ్మకం ల్యాకనే పిల్లకు తగ్గల్యా" అన్నాడు.

ఆ మాటకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఆయన సంగతీ చెప్పాలి. బోరు ఎండిపోయింది, పైరు పోయింది, తల్లి పోయింది. దేవుణ్ణి అడిగినవన్నీ ఆలస్యమవుతుంటే, ఇప్పుడే ఇప్పిస్తానన్నవాడి వెంట పడ్డాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి.

ఆ దైవజనుడు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చాడు. వెంట ఫోను పట్టుకునే మనిషి, నూనె సీసాల సంచి. నాటుకోడి వండమని ముందే కబురు పెట్టాడు. వచ్చీ రాగానే ఫోను ఎక్కడ నిలబెడితే ముఖం బాగా పడుతుందో చూసుకున్నాడు. ప్రార్థన ఆ తర్వాత. సెంటు వాసన, నూనె వాసన, చెమట వాసన కలిసి ఆ రేకుల ఇంట్లో ఊపిరి ఆడలేదు.

ప్రసన్నను మధ్యలో కూర్చోబెట్టాడు. నెత్తి మీద నూనె గుమ్మరించాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు. పిల్ల పడలేదు. మళ్లీ తోశాడు. పడలేదు. ఎందుకు పడాలి? దానికి ఆ నాటకం తెలియదు. "మొండి దయ్యం" అన్నాడు. అరిచినప్పుడల్లా ఆయన నోటి తుంపరలు నా బిడ్డ ముఖం మీద పడ్డాయి. అది చేత్తో తుడుచుకుంటే, "చూడండి, అభిషేకాన్ని తట్టుకోలేకపోతోంది" అన్నాడు. చూడవచ్చిన ఊరి జనం స్తోత్రం అన్నారు. నాకు వాళ్లందరి మీదా అసహ్యం వేసింది. నేను లేచి పోయి ప్రసన్నను లేవదీసి, అత్త కూర్చునే మూలలో, ఆ నూనె మరక కింద కూర్చోబెట్టాను. ఎవరూ నన్ను ఆపలేదు.

అప్పుడు ఆయన అసలు సంగతికి వచ్చాడు. మాత్రలు తెమ్మన్నాడు. మా ఆయన డబ్బా మొత్తం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ మాత్రలే దయ్యానికి ఆహారం" అన్నాడు ఆ మనిషి. మా పెరట్లో ఎండిపోయిన బోరు ఉంది, దాని మీద బండ పెట్టి ఉంచాం. ప్రార్థన కాగానే డబ్బా అందులో వేసేయాలన్నాడు. మా ఆయన ముందే పోయి బండ పక్కకు జరిపి వచ్చాడు. ఆ బోరులో పడింది ఏదీ మళ్లీ పైకి రాదు.

వద్దని నేను అరిచాను. ఆడబిడ్డ ఒక చేత్తో ఫోన్లో వీడియో తీస్తూనే, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "వదినా, అడ్డం పడొద్దు, బిడ్డ బాగుపడేది ఇష్టం లేదా నీకు?" అంది. విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ మనిషి డబ్బా పైకెత్తి, కళ్లు మూసుకుని ప్రార్థించాడు. ఈ క్షణం నుంచి ఈ బిడ్డ మాత్ర ముట్టదని, నమ్మినవాళ్లంతా గట్టిగా ఆమెన్ అనాలని అన్నాడు. ఇల్లు అదిరేలా ఆమెన్ అన్నారు. అందరికంటే మా ఆయన గొంతే పెద్దగా వినిపించింది. నేను అనలేదు.

ఆమెన్ అయిపోయింది. కొంచెం ఆగి, మూలలో నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"అది ఇడ్సిపెట్టు నాయనా."

అరవలేదు, ఏడవలేదు. రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది. కొంచెం విసుగు, కొంచెం ప్రేమ. ఆ గొంతు నాకు తెలియదా?

అందరి తలలూ మూలకు తిరిగాయి. మా ఆయన మాత్రం తిరగలేదు. చిన్నప్పటి నుంచీ అలవాటైన పిల్లాడిలాగా, ఏమీ ఆలోచించకుండా, "సరేమ్మా" అన్నాడు. అని, ఆ మనిషి చేతిలో నుంచి డబ్బా లాక్కున్నాడు. తర్వాతే తనేం అన్నాడో తనకే తెలిసినట్టుంది. డబ్బా గుండెకు పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు.

అంతసేపూ పుస్తకాల భాష మాట్లాడిన దైవజనుడు, "ఎవురప్పా అది?" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది. కొంచెం తేరుకుని, దయ్యం మాట్లాడింది, దయ్యం మాట్లాడింది అని కేకలు వేశాడు. కేకలు గుమ్మం దగ్గర నుంచే. మూల వైపు ఒక్క అడుగు వేయలేదు. దయ్యాలు వదిలించేవాడు కదా, పోయి వదిలించొచ్చు కదా? చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయాడు. కోడికూర అలాగే ఉండిపోయింది. మాకూ తినబుద్ధి కాలేదు, కుక్కలకు వేశాం.

ఇప్పుడు నాకు అంతుపట్టని సంగతి చెబుతాను. మా ఆడబిడ్డ కూడా తన ఫోన్లో అంతా తీసింది. చాలాసార్లు చూశాం. అందరి ఆమెన్ వినిపిస్తుంది. తర్వాత ఫ్యాను చప్పుడు. అంతే. అత్త గొంతు లేదు. కానీ తలలన్నీ ఒక్కసారిగా మూలకు తిరగడం కనిపిస్తుంది. మా ఆయన "సరేమ్మా" అనడం స్పష్టంగా వినిపిస్తుంది. ఎవరూ ఏమీ అనకుండానే ఆయన జవాబు చెప్పినట్టు ఉంటుంది. ఎవరైనా గొంతు మార్చి మాట్లాడి ఉంటే ఫోనుకు దొరకాలి కదా.

ప్రసన్నను అడిగాను. అదే కదా ఆ మూలలో కూర్చుంది.

"ఎవరూ ఏమీ అనల్యా మా" అంది. "ఊరికే అందరూ నా తట్టు తిరిగి చూసినారు. నాకు బయమేసింది."

ఇంట్లో ఉన్న అందరికీ వినపడింది. ఎవరి కోసం ఆ మాట వచ్చిందో, ఆ బిడ్డకు వినపడలేదు.

ఆడబిడ్డ ఇప్పటికీ, "వదినా, అమ్మ గొంతుతో దయ్యమే మాట్లాడింది" అంటుంది. "మాత్ర మింగమనే దయ్యం యాడైనా ఉంటాదా?" అన్నాను. అప్పటి నుంచి ఆ మాట ఎత్తడం తగ్గించింది.

మా పాస్టరయ్యను అడిగాను. చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారు, వచ్చి మాట్లాడరు అన్నాడు. నేనూ అదే నమ్ముతాను. మరి అదేమిటయ్యా అంటే, "నాకూ తెలియదమ్మా. రూతమ్మ మాత్రం అట్లే అనేది" అన్నాడు. తెలియదని చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ దైవజనుడు మాత్రం తెలియదని చెప్పే రకం కాదు. తన వీడియోలో "సరేమ్మా" కోసేసి, దయ్యం పారిపోయిందని పెట్టాడు. కొన్ని రోజులకు ఫోను చేశాడు. సభలో పిల్లను నిలబెట్టి సాక్ష్యం చెప్పించాలట.

"నా బిడ్డ మాత్రలు మింగతానే ఉండాది" అన్నాను.

"ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు చెల్లెమ్మా" అన్నాడు.

ఛీ అన్నాను. నేరుగా ఫోన్లోనే అన్నాను. అత్త మొగుణ్ణి పోగొట్టుకుంది, కరువులో కూలికి పోయింది, అడిగిన వాన రాకపోయినా దేవుణ్ణి వదల్లేదు. ఆమె ఒక్కసారి కూడా మైకు ముందు నిలబడలేదు. సాక్ష్యం అనే మంచి మాటను ఇలాంటివాళ్లు ఎంగిలి చేసి పెట్టారు. ఇప్పుడు అది నోట్లోకి తీసుకోవాలన్నా నాకు మనసొప్పడం లేదు. అందుకే దీన్ని సాక్ష్యం అనడం లేదు.

ప్రసన్నకు మళ్లీ ఫిట్స్ రాలేదు. రేపు రాదని నేను చెప్పలేను. బండను మా ఆయనే మళ్లీ బోరు మీదికి జరిపాడు. ఇప్పుడు మాత్రల డబ్బా ఆయనే అనంతపురం పోయి నింపుకుని వస్తాడు. ఆ రోజు గురించి మాత్రం మాట్లాడడు. మాట్లాడించబోతే ఆటో తుడవడానికి పోతాడు.

రోజూ అన్నం తిన్నాక మాత్రను అరచేతిలో పెట్టుకుని అత్త చెప్పిన మాటలే చెబుతాను. ఆమెన్ అంటాను. వెంటనే కళ్లు తెరవను, కొంచెంసేపు ఆగుతాను. "ఏంది మా, ఇంగా?" అని ప్రసన్న విసుక్కుంటుంది. మూలలో నుంచి ఇంతవరకు మళ్లీ ఏ మాటా రాలేదు. ఆ రోజు వచ్చింది ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇడ్సిపెట్టమని ఎవరూ అనలేదు కాబట్టి, కళ్లు తెరిచి, "మింగు పాపా" అని మాత్ర ఇస్తాను.