ఎనిమిది ఈగల చీటీలు

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే, ముందు జ్వరముందేమో చూడమనేవాణ్ణి నేను. ఇప్పుడూ అంతే. కానీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిద్దిపేట పశువుల దవాఖానలో పనిచేస్తున్నప్పుడు, నా చేతుల మీదుగా జరిగిన ఒక సంగతిని మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఆ ఏడు వానాకాలంలో ధూళిమిట్ట వైపు గొర్రెల పుండ్లలో పురుగులు పడి మందలు చచ్చిపోతున్నాయి. ఈగలు పెట్టిన గుడ్ల నుంచే ఆ పురుగులు వస్తాయి. అయితే చచ్చిన మాంసం మీద గుడ్లు పెట్టే ఈగ వేరు, బతికున్న గొర్రె పుండులో పెట్టే ఈగ వేరు. రెండూ నీలంగా, పచ్చగా మెరుస్తూ ఒకేలా ఉంటాయి. రెక్క మొదట్లో కంటికి ఆనని చిన్న పొర ఒకటి ఉంటుంది. పుండు ఈగకు అది తెల్లగా, పీనుగు ఈగకు నల్లగా ఉంటుంది. భూతద్దంతో దాన్ని పోల్చుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఎల్లయ్యకు భూతద్దం అక్కర్లేదు. ఆయన మా దవాఖానలో పశువుల పుండ్లు కడిగి కట్లు కట్టే మనిషి. దుబ్బాకలో బట్టలు నేసేవాళ్ల ఇంట పుట్టాడు. చదువు లేదు. బతికున్న ఈగను సీసాలో వేసి, చెవి దగ్గర పెట్టుకుని, "గిది పుండు ఈగ సాబ్. గది పీనుగుది" అనేవాడు. నేను అద్దం కింద చూస్తే అదే అయ్యేది. ఒక్కసారైనా తప్పు చెబితే బాగుండునని రోజూ ఎదురుచూసేవాణ్ణి.

హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఇది విని ముచ్చటపడ్డాడు.

"పట్నంల మా దగ్గర ఈగల పనికి ఒక మనిషి కావాలె. ఎల్లయ్య పోల్చిన ఈగలను తీస్కరా. సరిగ్గ ఉంటే గొర్రెలకు మందు పంపిస్త, ఆయన్నే పనిల తీసుకుంట" అన్నాడు నాతో.

ఆ పని కోసం నేను రెండేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నాను. ఆయనకు అది గుర్తున్నట్టే లేదు.

ధూళిమిట్ట మందల దగ్గర పట్టిన ఇరవై నాలుగు ఈగలను ఎల్లయ్య పోల్చి చెప్పాడు. నేను ఒక్కోదాన్ని చంపి, సూదికి గుచ్చి, దాని కిందే పేరు రాసిన చీటీ గుచ్చాను. మర్నాడు ఎల్లయ్య జ్వరంతో పనికి రాలేదు. తలుపు దగ్గరికి వేసి, ఎనిమిది చీటీలు తీసి తారుమారు చేశాను. చీటీలు తప్పని తేలితే మళ్లీ ఈగలు పట్టి తెమ్మంటారని, అందాకా గొర్రెలకు మందు రాదని నాకు తెలుసు. అయినా నా చెయ్యి ఆగలేదు.

పెట్టె మూసి, దారం కట్టి, ముడి మీద లక్క ముద్ర వేశాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, దాన్ని ఒళ్లోంచి దించకుండా హైదరాబాదు చేరాను.

పెద్ద డాక్టరు నా ఎదుటే లక్క పగలగొట్టాడు. ఒక్కో ఈగనే మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. నేను నిలబడే ఉన్నాను. చివరికి తలెత్తి, "ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు సరిగ్గ ఉన్నయి" అన్నాడు.

అడిగి నేనూ చూశాను. నిజమే. తెల్ల పొర ఉన్న ప్రతి ఈగ కిందా పుండు ఈగ పేరే ఉంది. అప్పుడు చీటీలను దగ్గరగా చూశాను. పదహారింటికి ఒక్కో సూది రంధ్రమే ఉంది. నేను మార్చిన ఎనిమిదింటికి మూడేసి ఉన్నాయి. ఒకటి మొదట గుచ్చినప్పటిది. ఇంకొకటి నేను మార్చినప్పటిది. మూడోది నేను పొడవలేదు.

సిద్దిపేటలో బస్సు దిగి నేరుగా ఎల్లయ్య ఇంటికి వెళ్లాను. జ్వరం తగ్గి నిద్రపోతున్నాడు. భార్య మల్లవ్వ గడపలో కూర్చుని ఉంది.

"మీరు పట్నం పోయిన పొద్దు ఒళ్లు కాలిపోయింది సాబ్. కండ్లు మూసుకొనే వేళ్లతోని ఏందో తీసుడు, గుచ్చుడు. గిట్ల" అంటూ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలో సూది పట్టినట్టు చూపించింది.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"నేను లెక్కవెట్టిన్నా సాబ్? పానం పోతదేమో అని ఏడుస్తున్న."

భయం వేయాల్సిన చోట నాకు మొదట కలిగింది అసూయే. జ్వరంలో, కళ్లు మూసుకుని కూడా ఈ మనిషి ఒక్క తప్పు పోనివ్వడా అని ఒళ్లు మండింది. ఆ తర్వాతే భయం వేసి, ఆయన్ని లేపకుండానే బయటపడ్డాను.

వారంలో మందు వచ్చింది. మిగిలిన గొర్రెలు బతికాయి. నెల తిరక్కుండా ఎల్లయ్యకు పట్నం నుంచి పిలుపొచ్చింది. బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మీ చీటీలే నన్ను గట్టెక్కిచ్చినయి సాబ్" అన్నాడు. ఆ ముఖంలో వెక్కిరింపు కోసం వెతికాను. కనబడలేదు. జరిగింది చెప్పేద్దామనుకున్నాను. "పైలం ఎల్లయ్యా" అని మాత్రం అన్నాను.

పింఛను తీసుకునే దాకా నేను సిద్దిపేటలోనే ఉన్నాను. లక్క పగలకుండా ఆ పెట్టెలోకి చెయ్యి ఎలా పోయిందో ఎన్ని విధాలుగా ఆలోచించినా తేలలేదు. నేనే మనసు మార్చుకుని, చీటీలు సరిచేసి, ఆ సంగతి మరచిపోయానేమోనని కూడా అనుకుని చూశాను. కానీ ఆ రోజుల్లో నా మనసు అంత మంచిది కాదు.