పదమూడు డిగ్రీల పదిహేను నిమిషాలు

మొన్న జగిత్యాలలో, ఇంటర్ చదివే మా మనుమరాలు త్రికోణమితి లెక్క చేస్తూ, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ మీద 40.5 కనబడగానే నలభై డిగ్రీల యాభై నిమిషాలని రాసేసింది. డిగ్రీకి అరవై నిమిషాలు, అర డిగ్రీ అంటే ముప్పయ్యే కదా అని దిద్దాను. సరిగ్గా ఈ తప్పే మా చెల్లెలి సంబంధాన్ని మింగేసింది.

అప్పుడు నేను కోరుట్లలో ఓ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. సిరిసిల్ల నుంచి వచ్చిన అబ్బాయి చెల్లెలికి నచ్చాడు, నాతో ఆ మాట చెప్పింది కూడా. అతనిది పుష్యమి, దీనిది అశ్విని, జాతకాలు కలిశాయి. కానీ జ్యోతిషం తెలుసనుకునే అబ్బాయి మేనమామ, దుబాయి నుంచి ఎవరో తెచ్చిచ్చిన కాలిక్యులేటర్‌ను దేవుడి పటంలా చాప మీద పెట్టి, చెల్లెలు పుట్టిన వేళకు చంద్రుడు ఎక్కడున్నాడో మళ్లీ లెక్క కట్టారు. మీటలు సరిగ్గానే నొక్కారు. పదమూడు డిగ్రీల పదిహేను నిమిషాలు రావాలి, యంత్రం దాన్నే దశాంశాల్లో 13.25 అని చూపింది. ఆయన దాన్ని ఇరవై అయిదు నిమిషాలని చదివారు. అశ్విని పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాల దగ్గర అయిపోతుంది కనుక, పిల్లది భరణి అని, ఇద్దరిదీ ఒకే నాడి అని, అది దోషమని తేల్చేశారు.

తప్పని నేను చెబితే నవ్వారు. “దుబాయి మిషిన్ తప్పు చెప్తదా బిడ్డా?”

“మిషిన్ మంచిగనే చెప్పింది కాకా, మీరే తప్పు చదివిన్రు” అని, రెండు మీటలు నొక్కి 13, 15 తెప్పించి చూపించాను. ఆయన చూశారు, యంత్రాన్ని జేబులో వేసుకున్నారు, “చాయ్ మంచిగున్నది” అన్నారు. అంతే!

వారం తిరక్కుండా కబురు వచ్చింది, దోషానికి శాంతి చేయిస్తే పిల్లను చేసుకుంటామని. లేదని కళ్లారా చూసిన దోషానికి శాంతి! అంతకంటే రోత పుట్టించింది మా బాపు మెత్తబడటం. “పోనియ్ బిడ్డా, ఒక్క పూజనే కదా” అన్నారు.

చెల్లెలే అడ్డం తిరిగింది. “గిప్పుడు ఒప్పుకుంటే, రేపు పప్పుల ఉప్పు తక్కువైనా నా నక్షత్రమే అంటరు బాపూ. నాకద్దు.” అని లోపలికి వెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు. తరువాత ఎల్లంతకుంటలో వేరే ఇంటి కోడలైంది, బాగానే బతికింది. అయినా ఆ సిరిసిల్ల పేరు మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు జాతకాలు ఫోన్లే కలుపుతున్నాయి, ఫోన్లే విడదీస్తున్నాయి. ఏ లెక్కతో కలిపాయో, ఏ లెక్కతో విడదీశాయో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఆ మేనమామను తలుచుకుంటే నాకు నేటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆయన తన తప్పు మా చాప మీద, మా కళ్లెదుట చేశారు కనుకనే చెల్లెలు వద్దనగలిగింది. ఈనాటి పిల్లలకు, వద్దని చెప్పడానికి ఎదుట ఒక ముఖమైనా లేదు.