బుధవారం అంకెలు

వాతావరణ కేంద్రంలో అందరూ ఆమెను బెలూనమ్మ అనేవారు. పదహారేళ్లుగా ప్రతి బుధవారం పొద్దున్నే బెలూన్‌లో వాయువు నింపి, దానికి ఓజోన్‌ను కొలిచే చిన్న పెట్టె కట్టి ఆకాశంలోకి వదలడం ఆమె పని. పెట్టెలో పోసే ద్రావణమూ తనే కలిపేది. ఒకసారి పొరపాటున పాత ద్రావణం పోస్తే కొలతలన్నీ తగ్గి వచ్చాయి. పై అధికారి నలుగురిలో కడిగేశాడు.

"ఈసారి మంచినీళ్లు పోసి పంపమ్మా. అవైనా తాజాగా ఉంటాయి."

నెల తిరగకుండానే, చలికాలం చివర్లో, పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున ఓజోన్ సగానికి పడిపోయినట్టు కాగితం మీద గీత దిగింది. బెలూనమ్మ మళ్లీ తన చేతి తప్పే అనుకుంది. ఆ కాగితం చించేసి, కిందటి బుధవారం అంకెలనే కాస్త మార్చి రాసేసింది.

నాలుగేళ్లకు పెద్దాఫీసు నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. చిన్న పిల్ల. వచ్చీ రాగానే "అక్కా" అని వరస కలిపింది. టీ తాగుతూ తన గోడు వెళ్లబోసుకుంది.

"ధ్రువం మీద చలికాలమంతా గాలి సుడి తిరుగుతుందక్కా. దాన్లో చిక్కుకున్న గాలికి ఎండ తగిలితే ఓజోన్ తరిగిపోతుంది. నాలుగేళ్ల కిందట చలికాలం చివర్లో సుడిలోంచి ఒక ముక్క తెగి మీ ఊరి మీదికి వచ్చిందని నా లెక్క. మీ అంకెల్లో మాత్రం ఓజోన్ తగ్గనే లేదు. మూడేళ్ల పని, తప్పేమోనని పక్కన పెట్టేశాను."

"ఏ వారం?" అంది బెలూనమ్మ.

ఆ వారమే.

ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. భర్త గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

"ఎప్పటి మాటో. తవ్వుకోవడం ఎందుకు?" అన్నాడాయన.

"ఆ పిల్ల తన తెలివినే అనుమానించుకుంటోందండీ."

మర్నాడు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పరిశోధకురాలు రిజిస్టర్ దగ్గరికి లాక్కుంది.

"అసలు కాగితం ఉందా?"

"చించేశాను. కానీ అంకెలు గుర్తున్నాయమ్మా, ఒక్కటీ మర్చిపోలేదు."

"గుర్తున్నవి రాయకూడదక్కా."

రిజిస్టర్‌లో ఆ వరుస కొట్టేసి, పక్కన 'కొలత లేదు' అని రాసి, బెలూనమ్మ సంతకం పెట్టింది. పై అధికారి మెమో ఇచ్చాడు. పరిశోధకురాలు తన లెక్కను మళ్లీ చేతిలోకి తీసుకుంది, కానీ దాన్ని నిలబెట్టే ఒకే ఒక్క కొలత లేకుండా. వెళ్లేటప్పుడు కూడా "వస్తానక్కా" అనే అంది. నాలుగు తిట్టి పోయినా బాగుండేదనిపించింది బెలూనమ్మకు.