పరంధామయ్య ఎద్దులు, రాజారత్నం పుస్తకం

రాజారత్నం ఎవరి గురించి రాసినా సరే, వాళ్ల ఎదుట నిలబడి చదివి వినిపించనిదే అచ్చుకు పంపడు. అదేం పిచ్చో! మిషన్ బడిలో అయ్యవారి ఉద్యోగం వదులుకొని విలేకరి అయిన మనిషి. చిత్తూరు నుంచి మద్రాసు పత్రికలకు రాసే మిగతావాళ్లు కాఫీ తాగుతూ కూర్చున్నచోటే కాగితం నింపేసేవాళ్లు. ఈయన కాణిపాకంలో కొబ్బరికాయలు అమ్మేవాళ్ల మీద రాస్తే, మళ్లీ కాణిపాకం పోయి చదివేవాడు. "ఇది తప్పప్పా" అంటే అక్కడికక్కడే దిద్దేవాడు. అందుకే ఆయన రాతను కాదన్న మొనగాడు జిల్లాలో లేడు. ఆయనకు దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనీండి, తప్పేముంది?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు రేషను కష్టాల మీద పుస్తకం రాశాడు. అందులో పూతలపట్టు బియ్యం డిపో నడిపే పరంధామయ్య సంగతే అసలు సంగతి. జనానికి అందాల్సిన బియ్యం దొంగతనంగా బండెక్కి, జిల్లా దాటి గుడియాత్తం పోయేది. కళ్లారా చూసింది కూలిపని చేసుకునే గురవమ్మ. తీరా అచ్చు వేళకు ఆమె జంకింది.

"కార్డు పీకేస్తే పిల్లోళ్లకి ఏం పెట్టేది నాయనా? నా పేరు తీసెయ్."

తిరుపతిలో ప్రెస్సు నడిపే ధనంజయ కూడా అడ్డం తిరిగాడు. "సాచ్చికం లేకుండా ఎట్ల అచ్చేసేదబ్బా? కోర్టుకు తిరగాల్సింది నేను. ఆ అధ్యాయం తీసెయ్."

అది తీసేస్తే ఇంకేముంది, మిగిలేది ఊకే. రాజారత్నానికి కడుపు మండిపోయింది. సరే, అందరికీ చదివినట్టే పరంధామయ్యకూ చదవాల్సిందే కదా అనుకొని, పొద్దున్నే పోయి డిపో ముందు నిలబడ్డాడు. బియ్యానికి వచ్చిన జనం బారులు తీరి ఉన్నారు. వాళ్లలో గురవమ్మా ఉంది.

"అప్పా, నీ మీద రాసినాను. తప్పుంటే సెప్పు, దిద్దుతా."

"సదువు, సదువు. నీ రాతలకు బెదిరేవాణ్ణి గాదు."

రాజారత్నం గొంతెత్తి చదివాడు. మూటలు, బండి, గుడియాత్తం దారి అన్నీ వచ్చాయి. పరంధామయ్య మీసం దువ్వుకుంటూ విన్నాడే గాని ఔననలేదు, కాదనలేదు. "కనుమ ఎక్కలేక ఎద్దులు కూలబడితే సగం మూటలు దించి" అన్న చోటికి రాగానే మాత్రం ఎగిరి లేచాడు. ఆ జోడీ అంటే ఆయనకు ప్రాణం. రాజారత్నం ఆ ముక్క ఎవరో చెబితే నమ్మి రాసుకున్నాడు.

"ఎవుడ్రా సెప్పింది? నా ఎద్దులు కూలబడేదా? ఒక్క మూట దించలేదు! నిండు బండితో ఒకే ఊపున ఎక్కినాయి!"

"తప్పు నాదేనప్పా." రాజారత్నం అప్పుడే కలం తీసి దిద్ది, మళ్లీ చదివాడు. "డిపో బియ్యం ఒక్క మూట కూడా దించకుండా, ఎద్దులు నిండు బండితో ఒకే ఊపున కనుమ ఎక్కినాయి. సరేనా?"

"ఆఁ, అట్ల రాయి!"

జనం గొల్లున నవ్వారు. అప్పటికి గాని పరంధామయ్యకు తానేమన్నాడో తెలిసిరాలేదు. నోరు తెరుచుకొని అట్లాగే కూలబడ్డాడు.

గురవమ్మ అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నా పేరు తియ్యొద్దు నాయనా. గురవమ్మ కండ్లారా సూసింది అని రాయి. ఇంటిపేరు గూడా సెప్తా, రాసుకో."